పింగాణి: గాజుపూత మట్టిపాత్రల చరిత్రలో ఒక తెలుగు మాట

హైదరాబాదులో మూసీకి ఉత్తరాన ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు గ్రంథాలయాలకు, సభలకు, విద్యాసంస్థలకు పేరుపొందినవి. అక్కడి ఇళ్లలోను, హోటళ్లలోను మూడు రకాల పూతలు కనిపిస్తాయి. ఇరానీ హోటలు బల్లపై ఉండే తెల్లని కప్పు, సాసరు మొదటిది. వంటింటి అటకపై ఉండే ఆవకాయ జాడీ రెండవది. పాత ఇత్తడి గిన్నె లోపల వెండిలా మెరిసే కళాయి మూడవది. మొదటి రెండింటినీ తెలుగువారు పింగాణి అంటారు. మూడవదానిని కళాయి అంటారు. ఈ రెండు మాటలూ తెలుగు దేశ్యాలు కావు. ఇవి సుమారు పన్నెండు వందల ఏళ్ల కిందట పారశీక సింధుశాఖ తీరంలో పనిచేసిన కుమ్మరుల ప్రపంచాన్ని గుర్తుచేసే మాటలు.

తొలి ఇస్లామీయ యుగపు గాజుపూత మట్టిపాత్రలను గురించిన చరిత్ర సాధారణంగా బస్రా, సమర్రా, నిషాపూర్, కాషాన్ నగరాల చుట్టూ తిరుగుతుంది. తెలుగునేల దానిలో కనిపించదు. తెలుగునాట మట్టిపాత్రల చరిత్ర చెప్పేవారు కూడా పింగాణిని విదేశీ వస్తువుగా పక్కన పెట్టి, కుమ్మరి సారె దగ్గరనే ఆగుతారు. ఈ రెండు కథలనూ ఒకచోట చేర్చి చదివితే ఒక ప్రశ్న ఎదురవుతుంది. గాజు, తెల్లమట్టి, తీవ్రమైన వేడి, ఈ మూడూ తెలిసిన నేలపై గాజుపూత కుండ ఎందుకు పుట్టలేదు? "తెలియక" అన్నది దీనికి తరచుగా వినిపించే సమాధానం. ఆ సమాధానం సరైనది కాదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బస్రా కార్ఖానాలు

అబ్బాసీయ ఖలీఫాలు 836లో రాజధానిని బాగ్దాదు నుంచి సమర్రాకు మార్చారు. 892 వరకు అది రాజధానిగా ఉన్నది. 1911-13 మధ్య ఫ్రెడరిక్ జారె, ఎర్న్‌స్ట్ హెర్ట్‌స్‌ఫెల్డ్ అక్కడ జరిపిన తవ్వకాలలో రెండు రకాల తెల్లని పాత్రల ముక్కలు పక్కపక్కన దొరికాయి. ఒక రకం చైనా నుంచి వచ్చినవి. రెండవ రకం వాటిని చూసి స్థానికులు చేసినవి. చూపుకు రెండూ తెల్లనివే. విరిగిన అంచు చూస్తే తేడా తెలుస్తుంది. చైనా పాత్ర లోపలికంటా తెలుపు. ఇరాకు పాత్ర లోపల పచ్చని మట్టి. మెసొపొటేమియా ఒండ్రుమట్టిలో సున్నం పాలు ఎక్కువ. అది కాలితే లేతపసుపు రంగు వస్తుంది గాని తెలుపు రాదు. తెల్లమట్టి లేని చోట తెల్లని పాత్ర చేయవలసి వచ్చినప్పుడు అక్కడి కుమ్మరి చేసిన పని, గాజుపూతనే తెల్లగా చేయడం.

గాజుపూత అంటే మట్టిపాత్రపై కరిగి అంటుకున్న పలుచని గాజు పొర. ఇసుకరాయి పొడి దానికి ఆధారం. సీసం గాని, మొక్కల బూడిదలోని క్షారం గాని కలిపితే ఆ పొడి తక్కువ వేడికే కరుగుతుంది. క్షారపు పూతలో రాగి కలిపితే నీలి ఆకుపచ్చ, సీసపు పూతలో రాగి కలిపితే చిలకపచ్చ, కోబాల్టు కలిపితే ముదురు నీలం వస్తాయి. ఇవి పారదర్శకమైన పూతలు, కింది మట్టి రంగు పైకి కనిపిస్తుంది. పూతలో తగరం కలిపితే సన్నని తెల్లని రేణువులు గాజులో చిక్కుకుని వెలుతురును వెనక్కి కొడతాయి. అప్పుడు మట్టి కనబడదు. పచ్చని మట్టిగిన్నె పాలగిన్నెలా కనిపిస్తుంది. దానిపై కోబాల్టుతో నీలి గీతలు గీసిన గిన్నెలు 9వ శతాబ్దిలో వెలువడ్డాయి. రాబర్ట్ మేసన్ తదితరులు ఈ పాత్రల మట్టిని సూక్ష్మదర్శినితో పరిశీలించి, తగరపు పూత పాత్రలకు ముఖ్య కేంద్రం బస్రా అని నిర్ధారించారు.

బస్రా కుమ్మరుల మరొక విద్య లోహకాంతి పూత. ఒకసారి కాలిన తెల్లని పూతపై వెండి, రాగి లవణాలతో చిత్రం గీసి, పాత్రను రెండవసారి పొగ ఎక్కువగా, గాలి తక్కువగా ఉండే బట్టీలో కాలుస్తారు. పొగ ఆ లవణాలలోని ఆమ్లజనిని లాగేసుకుంటుంది. పూత పైపొరలో లోహం మాత్రమే మిగిలి బంగారంలా మెరుస్తుంది. వేడి కాస్త పెరిగినా చిత్రం చెదురుతుంది, పొగ కాస్త తగ్గినా మెరుపు రాదు. ట్యునీషియాలోని కైరవాన్ పెద్ద మసీదు మిహ్రాబు చుట్టూ 9వ శతాబ్ది మధ్యకాలంలో అమర్చిన ఇలాంటి పలకలు వందకు పైగా నేటికీ ఉన్నాయి.

ఈ తగరం ఇరాకులో దొరికేది కాదు. అరబ్బీలో తగరానికి ఖలయీ అనే పేరు ఉంది. అరబ్బు భూగోళ రచయితలు ఈ పేరును మలయా ద్వీపకల్పంలోని కలహ్ అనే రేవుతో ముడిపెట్టారు. తెలుగు కళాయి ఈ మాటే. బస్రాలో మట్టిగిన్నెను తెల్లబరచిన లోహమే తెలుగు ఇంట రాగి, ఇత్తడి గిన్నెలకు పూతగా కుదిరింది. చింతపండు పులుసు రాగిని, ఇత్తడిని తిని చిలుము పట్టిస్తుంది కాబట్టి లోపల తగరం పూయడం అవసరమైంది. ఒకే లోహం రెండు చోట్ల రెండు వేర్వేరు పాత్రల మీదికి చేరడం యాదృచ్ఛికం కాదు. ఏ సమాజం ఏ పాత్రపై ఖర్చు పెట్టడానికి సిద్ధపడింది అన్నది ఇందులో తెలుస్తుంది. ఈ విషయం ముందు ముందు మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

కాషాన్ ఇంటి విద్య

తూర్పు ఇరానులోని నిషాపూర్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం 1935-40లోను, మళ్లీ 1947లోను తవ్వకాలు జరిపింది. అక్కడి కుమ్మరులు తగరం జోలికి పోలేదు. ఎర్రమట్టి పళ్లెంపై తెల్లమట్టి పలుచగా పూసి, దానిపై నల్లని కూఫీ లిపిలో నీతివాక్యాలు, దీవెనలు రాసి, పైన పారదర్శకమైన సీసపు పూత వేశారు. పళ్లెం అంచు వెంబడి సాగే ఆ అక్షరాలే దానికి అలంకారం. చిత్రం కోసం అక్షరం కాక, అక్షరమే చిత్రమైన ఈ పద్ధతిని సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసి ఉంది.

తరువాతి శతాబ్దాలలో లోహకాంతి విద్య ఇరాకు నుంచి ఈజిప్టులోని ఫుస్తాత్‌కు, 12వ శతాబ్ది నాటికి ఇరానులోని కాషాన్‌కు చేరింది. ఈ విద్య పుస్తకాల ద్వారా కాక మనుషుల వెంట నడిచింది. కాషాన్‌లో అబూ తాహిర్ వంశం తరతరాలుగా ఈ పనిలో ఉన్నది. ఆ వంశంలో పుట్టి, కుమ్మరం వదిలి ఆస్థాన రచయిత అయిన అబుల్ ఖాసిం కాషానీ 1301లో రత్నాలు, సుగంధాలను గురించి రాసిన ఫారసీ గ్రంథంలో తన ఇంటి విద్యకు ఒక అధ్యాయం కేటాయించాడు. పది పాళ్లు తెల్లరాతి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి కలిపి పాత్రకు కావలసిన ముద్ద చేయాలని అందులో ఉంది. లోహకాంతి పాత్రలకు రెండవ బట్టీలో డెబ్బయి రెండు గంటలు మెల్లని పొగ పెట్టాలని కూడా ఉంది. అందులో నీలి రంగురాయికి వాడిన పేరు లాజవర్ద్. సంస్కృత వైద్య, రత్న గ్రంథాల ద్వారా తెలుగులోకి వచ్చిన రాజావర్తం ఈ మాటకు ఎంత దగ్గరో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ అధ్యాయాన్ని బట్టి కార్ఖానా స్వరూపం ఊహించవచ్చు. రాయి దంచేవారు, గాజుపొడి కాచేవారు, బూడిద కోసం మొక్కలు కాల్చేవారు, చిత్రకారులు, బట్టీ కాపలాదారులు వేర్వేరుగా ఉంటారు. సీసం, తగరం, కోబాల్టు, వెండి దూరప్రాంతాల నుంచి నగదుపై కొనాలి. ఒక బట్టీ చెడిపోతే పెట్టుబడి అంతా పోతుంది. ఇంత ఖర్చును భరించే కొనుగోలుదారు నగరంలోనే దొరుకుతాడు. గాజుపూత పాత్ర నగరపు వస్తువు, నగదు వస్తువు.

పట్టికలో లేని పాత్ర

1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 9వ శతాబ్ది నాటి ఓడ ఒకటి బయటపడింది. అది పలకలను తాళ్లతో కుట్టిన పడమటి సముద్రపు ఓడ. దానిలో సుమారు 60,000 చైనా మట్టిపాత్రలున్నాయి. అందులో ఒక గిన్నెపై 826వ సంవత్సరానికి సరిపోయే చైనా తేదీ ఉంది. వాటితోపాటు నీలి ఆకుపచ్చ క్షారపు పూత గల పశ్చిమాసియా జాడీలు కొన్ని దొరికాయి. ఈ జాడీల ముక్కలు శ్రీలంకలోని మాంతై, గుజరాతులోని సంజాన్ వంటి రేవులలో కూడా లభించాయి. ఇవి అమ్మకానికి వచ్చిన సరుకు కావు. ఖర్జూరపు పాకం, నూనె వంటి ద్రవాలను మోసుకొచ్చిన సాధనాలని పండితుల అభిప్రాయం.

తెలుగు తీరంలో నెల్లూరు జిల్లా కొత్తపట్నం తవ్వకాలలో చైనా గాజుపూత పాత్రల ముక్కలు లభించాయి. తూర్పు సముద్రపు దారిలో తెలుగు తీరం కూడా ఉన్నదనడానికి అది చాలు. అయితే ఆ వ్యాపారాన్ని నమోదు చేసిన తెలుగు ఆధారాలలో ఇలాంటి పాత్ర కనిపించదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు రక్షణ కల్పిస్తూ సుంకం విధించే సరుకులను పేర్కొంటుంది. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు అందులో ఉన్నాయి. గాజుపూతకు ముడిసరుకులైన రాగి, సీసం ఉన్నాయి గాని పూత పాత్ర లేదు. పన్నీరు ఉంది గాని అది నిండి వచ్చిన సీసా గాని, జాడీ గాని లేదు. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి ఓడలపై తెప్పించే సరుకులను ఏకరువు పెట్టాడు. హురుముంజి గుర్రాలు ఉన్నాయి, చీని పట్టుబట్టలు ఉన్నాయి. హురుముంజి నుంచి గుర్రంతోపాటు రాగల గిన్నె గాని, చైనా నుంచి పట్టుతోపాటు రాగల పళ్లెం గాని లేవు.

ఈ లోపాన్ని పాత్రలు రాలేదనడానికి ఆధారంగా తీసుకోకూడదు. సుంకం సరుకుకు విధిస్తారు, గోనెసంచికి విధించరు. కవి కూడా సెట్టిగారి వైభవం చెప్పేటప్పుడు జాడీని లెక్కపెట్టడు. గాజుపూత పాత్ర తెలుగు తీరానికి మొదట సరుకును మోసే పనిముట్టుగా వచ్చి, పేరు లేకుండా గడిచిందనుకోవడం సమంజసం. పేరు రావాలంటే అది భోగవస్తువు కావాలి.

పేరు వచ్చిన దారి

ప్రాచీన ఫారసీలో పింగాన్ అంటే గిన్నె. దీనికి గ్రీకు పినాక్స్ మూలమని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఇరానులో నేలకింది కాలువల నీటిని రైతులు పంచుకోవడానికి అడుగున బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీటిలో వదిలి, అది మునిగే వ్యవధితో కాలాన్ని కొలిచేవారు. ఆ గిన్నె పేరు కూడా పింగానే. తెలుగువారి గడియ కుడుకకు అది అన్నగారి వంటిది. అంటే ఆ మాట మొదట మట్టిని గాని, గాజుపూతను గాని చెప్పలేదు, ఆకారాన్ని చెప్పింది.

అరబ్బీలో పకారం, గకారం లేవు. అందువల్ల పింగాన్ అక్కడ ఫింజాన్ అయింది. ఆ అరబ్బీ రూపమే తిరిగి ఇరానుకు వచ్చి నేటి ఫారసీలో ఫెంజాన్‌గా స్థిరపడింది, తుర్కీలోకీ వెళ్లింది. తెలుగు పింగాణిలో పకారం, గకారం చెక్కుచెదరలేదు. కాబట్టి ఈ మాట అరబ్బీ మీదుగా కాక, అరబ్బీ రూపం పాతుకోక ముందటి ఫారసీ నుంచి నేరుగా వచ్చింది. హైదరాబాదు ఇరానీ హోటళ్లను మొదట నడిపిన వారి భాషలో కప్పు ఫెంజాన్. దానిని తుడిచి పెట్టే తెలుగు కుర్రవాడి నోట అది పింగాణి. ఒకే బల్ల దగ్గర ఒకే మాట కొత్త రూపం, పాత రూపం ఉన్నాయి. పాత రూపం దాచుకున్నది తెలుగువాడు.

నకారం ణకారం కావడం తెలుగులో ఫారసీ మాటలకు కొత్త కాదు. దుకాన్ దుకాణమైంది, దీవాన్ దివాణమైంది. చివరి ఇకారం గురించి మాత్రం కొంత విచారించవలసి ఉంది. తమిళంలో ఈ మాట పీంగాన్, మలయాళంలో పిఞ్ఞాణం. ఈ రెండింటిలో ఇకారం లేదు. కన్నడంలోను, తెలుగులోను పింగాణి. తమిళ, మలయాళ రూపాలు నామవాచకాన్ని యథాతథంగా స్వీకరించాయి. రేవులలో వస్తువును చూపి పేరు అడిగినప్పుడు జరిగే స్వీకారం అలాగే ఉంటుంది. కన్నడ, తెలుగు రూపాలలోని ఇకారం ఇరానీ, హిందుస్తానీ వంటి మాటలలోని ఫారసీ విశేషణ ప్రత్యయాన్ని తలపిస్తుంది. ఫారసీ పాలనాభాషగా ఉండి, దాని వ్యాకరణం కూడా జనం చెవిన పడిన చోటనే ఇటువంటి రూపం నిలుస్తుంది. అది బహమనీ, కుతుబ్‌షాహీ దక్కను. దక్షిణాది నాలుగు భాషలకూ ఒకే మాట రెండు దారులలో, ఒకటి సముద్రం మీదుగా, మరొకటి రాజధానుల మీదుగా వచ్చిందని ఈ రూపభేదం సూచిస్తున్నది.

అర్థంలో కూడా మార్పు ఉంది. ఫారసీలో ఆకారాన్ని చెప్పిన మాట తెలుగులో పదార్థాన్ని చెబుతుంది. పింగాణి కప్పు, పింగాణి పళ్లెం, పింగాణి జాడీ అనే సమాసాలలో పింగాణి అంటే గిన్నె కాదు, గాజుపూత గల మట్టి. గిన్నె ఆకారం తెలుగువారికి కొత్త కాదు, దానికి వారి దగ్గర పేర్లు చాలా ఉన్నాయి. పదార్థమే కొత్త. అరువు తెచ్చుకున్న మాటను లోటు ఉన్న చోటికి సర్దుకున్నారు. 1852లో బ్రౌన్ నిఘంటువు వెలువడే నాటికి ఈ మాట తెలుగులో స్థిరపడి ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో పొన్నికంటి తెలగన అమీన్‌ఖానుకు యయాతిచరిత్రను అచ్చతెలుగులో రాసి అంకితమిచ్చాడు. కావ్యంలో సంస్కృత సమాలను సైతం విడిచిన ఆ కాలంలోనే వీధిలోకి ఫారసీ మాటలు ధారాళంగా వచ్చాయి.

కుమ్మరి ఎందుకు పూయలేదు

మాట వచ్చింది గాని పని రాలేదు. తెలుగు కుమ్మరి పింగాణి చేయలేదు. దీనిని సాంకేతిక వెనుకబాటుగా చెప్పేవారున్నారు. ఆధారాలు ఆ మాటను నిలబెట్టవు.

1940 దశకం ఆరంభంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురంలో తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాటి ఆ పట్టణంలో గాజుపూసలు, తెల్లని చీనామట్టితో చేసిన బొమ్మలు లభించాయి. బస్రా కుమ్మరికి లేని తెల్లమట్టి కొండాపురం శిల్పి చేతిలో ఉంది. గాజు కరిగించడం, దానికి రంగు కట్టడం ఆ ఊరి పనివారికి తెలుసు. వేడి సంగతి చూస్తే, నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు ప్రపంచ ప్రసిద్ధం. మూసలలో ఇనుమును ఉక్కుగా మార్చడానికి 1200 డిగ్రీలకు మించిన వేడి కావాలి. సీసపు, తగరపు పూతలకు 900 నుంచి 1000 డిగ్రీలు చాలు. 1832లో అచ్చయిన వాయిసీ వ్యాసం కోనసముద్రంలో ఉక్కు కొనడానికి ఇస్ఫహాను నుంచి వచ్చి కూర్చున్న వర్తకుణ్ణి పేర్కొంటుంది. ఇరానుతో రాకపోకలు సైతం తక్కువ కాదు.

కాబట్టి కారణాన్ని విద్యలో కాక, కుమ్మరి జీవనంలో వెదకాలి. తెలుగు గ్రామంలో కుమ్మరి పన్నెండు మంది ఆయగాండ్రలో ఒకడు. ఊరికి కావలసిన కుండలు ఏడాది పొడవునా ఇస్తాడు, పంట కళ్లంలో మేర తీసుకుంటాడు. ఆ మేర కుండ నాణ్యతను బట్టి పెరగదు. మెరిసే కుండ ఇచ్చినా, మామూలు కుండ ఇచ్చినా దక్కేది అదే ధాన్యం. సీసం కొనడానికి ధాన్యం పనికిరాదు. గడ్డి, పిడకలు, కట్టెలు పేర్చి కాల్చే ఆవం ఒకటి రెండు రోజుల పని, దానికి కాపలా పెట్టే జీతగాళ్లు అక్కరలేదు. కాషాన్ బట్టీ డెబ్బయి రెండు గంటల పొగకు కావలసిన ఇంధనం, కూలి, నష్టభయం మేరపై బతికే ఇల్లు మోయగలిగినవి కావు.

రెండవ కారణం వాడకం. నీళ్లకుండ చల్లబరచడం దాని సన్నని రంధ్రాల పుణ్యం. నీరు ఊరి పైకి వచ్చి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాజుపూత వేస్తే ఆ గుణం పోతుంది. తెలుగునేల ఎండలో పూత లేకపోవడమే కుండకు సుగుణం. మైల వచ్చినప్పుడు, గ్రహణం పట్టినప్పుడు మట్టికుండను పారవేసి కొత్తది పెట్టుకునే ఆచారం ఉన్న సమాజంలో కలకాలం ఉండే ఖరీదైన మట్టిపాత్రకు చోటు తక్కువ. కలకాలం ఉండవలసినది లోహం, దానిని తోమి శుద్ధి చేయవచ్చు. అందుకే తగరం రాగి, ఇత్తడి గిన్నెల మీదికి వెళ్లింది. మడి పాటించే ఇళ్లు పింగాణి పళ్లేన్ని చాలాకాలం దూరం పెట్టాయి గాని, ఆవకాయ జాడీని దూరం పెట్టలేకపోయాయి. ఉప్పు, పులుపు కలిసిన ఊరగాయను నెలల తరబడి నిలవ ఉంచడానికి లోహం పనికిరాదు, పూతలేని కుండ నూనెను పీల్చుకుంటుంది. అవసరం గట్టిదైనప్పుడు ఆచారం సర్దుకున్నది. అయితే ఈ జాడీ బస్రా సంతతి కాదు. అధిక వేడికి రాయిలా గట్టిపడిన పాత్ర అది. పులుపుకు సీసాన్ని వదిలే పాత పూతలతో దానిని కలపకూడదు.

తెలుగు సాహిత్యంలో కుమ్మరి పాత్ర కూడా ఇదే చెబుతుంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కుండ వాయిస్తే శివుడు దిగివచ్చి నర్తిస్తాడు. కవి మెచ్చినది కుండ నాదాన్ని, మెరుపును కాదు. కుండకు రంగు అక్కరలేదని దీని అర్థం కాదు. తెలంగాణ పెళ్లిళ్లలో ఐరేని కుండలకు సున్నం, జాజు, పసుపులతో చిత్రాలు వేస్తారు. బోనపు కుండకు సున్నం, పసుపు, కుంకుమ పెడతారు. ఆ రంగులన్నీ కుండ కాలిన తరువాత వేసేవి. మంటలోకి పోని రంగులు. పండుగ దాటితే చెరిగిపోవలసిన రంగులు. రంగును గాజులో బంధించి నిలబెట్టాలన్న కోరిక కాషాన్ కుమ్మరిది. దానిని తెలుగు కుమ్మరి మీద కొలమానంగా పెట్టడం న్యాయం కాదు. గాజుపూత ముసల్మానుల కళ, పూతలేని కుండ హిందువుల కళ అని మతం పేరిట విడదీయడం కూడా అంతే పొరపాటు. దక్కను ముస్లిం ఇళ్లలో మంచినీళ్లు పూతలేని సురాహీలలోనే చల్లబడ్డాయి.

గోడకెక్కిన పింగాణి

గాజుపూత విద్యను పోషించగల నగదు దక్కనులో ఉన్నది రాజు దగ్గర. ఆ విద్య ఇక్కడ గిన్నెగా కాక గోడగా నిలిచింది. గీలాన్ నుంచి వచ్చిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో బీదరులో కట్టించిన మదరసా ముఖభాగమంతా రంగు పలకలతో నిండి ఉండేది. నేడు మినారు మీద, గోడ మీద కొంత మిగిలింది. ఆ కట్టడాలను వివరంగా నమోదు చేసిన గులాం యజ్దానీ గ్రంథం 1947లో వెలువడింది.

హైదరాబాదులో ఈ విద్యకు ప్రధాన సాక్ష్యం బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. నారాయణగూడ నుంచి దక్షిణంగా మూసీ దాటితే నాలుగైదు కిలోమీటర్ల లోపునే ఉంది. చార్మినారు కట్టిన వెంటనే, 1592-96 మధ్య మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీనిని నిర్మించాడు. లోపలి గోడలపై పలకల పని 1611 నాటిది. పలకల పనిని ఫారసీలో కాషీకారీ అంటారు. అది కాషాన్ నగరం పేరు మీదుగా వచ్చిన మాట, కాశీక్షేత్రంతో దానికి సంబంధం లేదు.

ఇక్కడి పద్ధతి పాతకాలపు ముక్కల పని. ఒక్కొక్క రంగు పలకను విడిగా, ఆ రంగుకు తగిన వేడిలో కాలుస్తారు. కాలిన పలకలను నమూనా ప్రకారం ఉలితో చెక్కి ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను బోర్లించి ఒకదాని పక్కన ఒకటి పేర్చి, వెనుకవైపు గచ్చు పోసి, గట్టిపడిన ఫలకాన్ని గోడకు ఎత్తుతారు. రంగు మరొక రంగులోకి పారే ప్రసక్తి లేదు కాబట్టి గీత కత్తిలా తేటగా ఉంటుంది. శ్రమకు మాత్రం అంతులేదు. అదే 1611లో ఇస్ఫహానులో షా అబ్బాస్ కొత్త మసీదుకు పునాది వేశాడు. అక్కడ ముఖద్వారానికి ముక్కల పని చేసినా, మిగిలిన విశాలమైన గోడలకు ఒకే పలకపై ఏడు రంగులు వేసి ఒకేసారి కాల్చే త్వరిత పద్ధతిని ఎంచుకున్నారు. ఇరాను తొందరపడుతున్న వేళ హైదరాబాదు నిదానించింది. దీనిని వెనుకబాటుగా చూడనక్కరలేదు. ఆషుర్‌ఖానా గోడ చిన్నది, దాని పని శోకానిది. తొందర అక్కరలేని చోటు.

పద్ధతి ఇరానుదైనా, గోడపై ఉన్న రూపం దక్కనుది. నీలం, ఆకుపచ్చ, తెలుపులతోపాటు ఆవపచ్చ, గోధుమ రంగులు ధారాళంగా ఉన్నాయి. నడుమ ఫలకాలలో పెద్ద పెద్ద ఆలంలు ఉన్నాయి. ఈ ఆలమే తెలుగు పల్లె పీరు. మొహర్రం నాడు పీర్ల పండుగలో మతభేదం లేకుండా ఊరివారు ఎత్తుకుని తిరిగే లోహపు ఆకారాన్ని ఇక్కడ గాజుపూత ముక్కలతో కూర్చారు. ఏటా పల్లెలో పీర్లగుండం చుట్టూ ఆడే కుమ్మరికి ఈ గోడను ఎవరూ విడమరచి చెప్పవలసిన పనిలేదు.

ఆ పలకలు కాల్చిన కార్ఖానా రాజ్యంతోపాటే పోయింది. 1687లో గోలకొండ మొఘలుల వశమైంది. ఆషుర్‌ఖానా కొంతకాలం ఆలనాపాలనా లేక పడి ఉంది. 18వ శతాబ్దిలో నిజాం అలీఖాన్ దానిని తిరిగి తెరిపించి ముందుభాగాన కొయ్య స్తంభాల మండపం చేర్చాడు. కొయ్యపని చేసేవారు దొరికారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలోకి వచ్చినప్పుడు ఆషుర్‌ఖానా గోడల కిందిభాగంలో పలకలు దెబ్బతిన్నాయి. ఊడిపోయిన చోట కొత్త పలక కాల్చి పెట్టే బట్టీ అప్పటికి నగరంలో లేదు. మరమ్మతు చేసినవారు ఆ ఖాళీలను గచ్చుతో పూడ్చి, పాత నమూనా ప్రకారం రంగులు వేశారు. పైన మంటలో కాలి నిలిచిన రంగు, కింద ఐరేని కుండ మీద వేసినట్టుగా చేత్తో అద్దిన రంగు. దగ్గరికి వెళ్లి చూస్తే రెండింటి మధ్య సరిహద్దు నేటికీ కనిపిస్తుంది.